నాలుగు చలికాలాల సైకిలు: లైట్లు, రేడియం జాకెట్టు, మఫ్లర్ ఎలా పనిచేశాయి

నాగోలు నుంచి తార్నాక దాకా దాదాపు 8 కిలోమీటర్లు. పొద్దున ఆరింటి డ్యూటీ కాబట్టి ఐదుంపావుకల్లా సైకిలెక్కాలి. జనవరిలో హైదరాబాదులో ఆరుముప్పావు దాకా పొద్దు పొడవదు, అంటే వెళ్లేటప్పుడు దారంతా చీకటే. మూసీ వంతెన మీద మంచు దిగిందంటే ముందుపోయే పాల వ్యాను కనపడదు, దాని ఎర్రదీపమే కనపడుతుంది. ఈ దారిలో నాలుగు చలికాలాలు వాడిన సామాను సంగతి రాస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యం వెనక లైటు. 450 రూపాయలు పెట్టి కొని సీటు కింద బిగించాను. నెల తర్వాత హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఒక ఆటో అన్న పక్కకొచ్చి ఆపాడు. "అన్నా, లైటు పెట్టుకోవా? నువ్వసలు కనిపిస్తలేవు" అన్నాడు. వెనక్కి చెయ్యి పెట్టి చూస్తే స్వెటర్ అంచు కిందికి జారి లైటును పూర్తిగా కప్పేసింది. ఉన్ని లోపల ఎర్రగా వెలుగుతూనే ఉంది. నెల రోజులు లైటుందన్న ధైర్యంతో లారీల ముందు తొక్కానన్న మాట. ఆ సాయంత్రమే దాన్ని క్యారియర్ చివరికి మార్చాను. ఇప్పటికీ రోజూ బయల్దేరే ముందు సైకిలు స్టాండు వేసి, స్వెటర్ గానీ బ్యాగు గానీ దాని మీదికి రావట్లేదని చూసుకుంటాను.

మిణుకుమనే లైటు తొందరగా కంట పడుతుంది కానీ, మంచులో అది ఎంత దూరంలో ఉందో వెనకవాడికి అంచనా అందదు. అందుకే రెండు పెట్టాను, ఒకటి నిలకడగా, ఒకటి మిణుకుతూ. మొదటి లైటు ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత రెండో ఏడే వదులైంది. మొదట్లో ఆరు గంటలు వెలిగేది, ఇప్పుడు రెండు గంటలు కూడా రావట్లేదు. రెండోది సెల్సుతో నడిచేది తీసుకున్నాను. సెల్సయితే ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి.

ముందు లైటు గురించి ఒక్క మాట. దాన్ని కిందికి వంచి పెట్టండి. మంచులో పైకి పెడితే ఎదురుగా తెల్లటి గోడ లేచినట్టుంటుంది, ఎదుటివాడికీ కళ్లు బైర్లు కమ్ముతాయి.

జాకెట్టు విషయంలో నేను చాలాకాలం పొరబడ్డాను. ఆ పచ్చరంగు మెరిసేది పగటి వెలుతురులోనే, వీధి దీపాల కింద మామూలు బట్టే. చీకట్లో పనిచేసేది దాని మీది వెండి పట్టీలు, బండి లైటు పడగానే వెలుగును తిరిగి అటే పంపిస్తాయి. బ్రష్షు పెట్టి ఉతకడంతో రెండేళ్లకే అవి పగుళ్లిచ్చాయి. పది అడుగుల దూరం నుంచి ఫోను టార్చి కంటి పక్కనే పెట్టుకుని కొట్టి చూడండి, పట్టీ బతికుందో లేదో తెలిసిపోతుంది. 60 రూపాయల రేడియం టేపు అంతకన్నా ఎక్కువ పనికొచ్చింది. పెడల్ కడ్డీలకు అంటించాను. అవి తిరుగుతుంటే వచ్చేది సైకిలని దూరం నుంచే తెలుస్తుంది. పక్క సందుల్లోంచి దూసుకొచ్చేవాళ్లకు నా ముందు లైటూ వెనక లైటూ కనపడవు, వాళ్ల కోసం చక్రాల పుల్లలకూ వేశాను.

ఇక మఫ్లర్. చలికని కొన్నాను, పనికొచ్చింది మాంజాకి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా సంక్రాంతి వస్తే వైర్ల మీదా వంతెనల మీదా వేలాడుతూనే ఉంటుంది. కిందటేడు మధ్యాహ్నం ఇంటికొస్తుంటే మెడ దగ్గర ఏదో గుంజినట్టయి బ్రేకు కొట్టాను. దారం మఫ్లర్‌లో దిగి ఉంది. విప్పి చూస్తే పై మడతలో ఉన్ని పోగులు బ్లేడుతో కోసినట్టు తెగిపోయి ఉన్నాయి, కింది మడత తాకలేదు. అప్పట్నుంచి పండక్కి ముందు పది రోజులు, తర్వాత పది రోజులు, ఎండ మండుతున్నా రెండు చుట్లు చుట్టి కొసలు స్వెటర్ లోపలికి దోపుకుంటాను. చెవులు మాత్రం కప్పను, వెనకొచ్చే బండి చప్పుడు వినపడాలి.

భోగి తెల్లవారుజామున సైకిలు తియ్యను. గల్లీ గల్లీకీ మంటలు, ఆ పొగ మంచులో కలిసి కదలకుండా నిలబడుతుంది. ఎన్ని లైట్లున్నా ఆ పొగలో సరిపోవు, ఆ ఒక్కరోజూ బస్సెక్కుతాను.