మా బస్తీ వాటర్ ఏటీఎం: నాలుగేళ్లు వాడాక

హైదరాబాద్‌లో బోరబండ వైపు మా బస్తీలో కార్డు పెడితే నీళ్లొచ్చే ప్లాంటు వచ్చి నాలుగేళ్లు దాటింది. అప్పటి నుంచి మా ఇంట్లో తాగడానికీ వంటకీ ఆ నీళ్లే. ఇరవై లీటర్ల టిన్నుకు ఐదు రూపాయలు. అదే ఇంటికి తెచ్చి వేసే టిన్నుకైతే పాతిక. మాకు రోజుకో టిన్ను కావాలి కాబట్టి నెలకు ఆరువందలు మిగులుతున్నాయి. గ్యాస్ బండ ఖర్చులో సగానికి పైగా అందులోనే వచ్చేస్తుంది.

నల్లా ఉంది కదా అంటారు. ఉంది. 2021 జనవరి నుంచి నగరంలో నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితం కూడా. కానీ మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. డ్రముల్లో పట్టి ఉంచిన నీళ్లు పిల్లలకు తాగించాలంటే భయం. బోరు నీళ్లకు టీడీఎస్ మీటరు, అంటే నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది, లీటరుకు తొమ్మిది వందల మిల్లీగ్రాములు దాటి చూపిస్తుంది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన హద్దు 500. వేరే దారి లేకపోతేనే 2000 దాకా ఒప్పుకుంటారు. ఆ నీళ్లతో కందిపప్పు ఎన్ని విజిల్స్ వేసినా పలుకుగానే ఉండేది. ప్లాంటు నీళ్లతో మెత్తగా ఉడుకుతుంది.

అయితే మీటరు చూసి నిశ్చింతగా ఉండకూడదు. అది లవణాలను చూపిస్తుంది, క్రిములను కాదు. నల్లా నీళ్లలో క్లోరిన్ కొంత మిగిలి ఉంటుంది. మా ప్లాంటులో సన్నటి పొర గుండా వడకట్టే ఆర్వో నీళ్లలో అది ఉండదు కాబట్టి టిన్ను మురికిగా ఉంటే నీళ్లు మళ్లీ పాడవుతాయి. లైన్లో పెట్టిన టిన్నులు చూడండి, సగం వాటికి అడుగున పచ్చగా నాచు. మూతి ఇరుకు, చెయ్యి పట్టదు. మేము దొడ్డుప్పు, గోరువెచ్చటి నీళ్లు పోసి గట్టిగా ఊపి కడుగుతాం. ప్లాంటు దగ్గరే పొడుగు బ్రష్, కడిగే నల్లా పెట్టాలి.

పెద్ద లోపం టైమింగ్స్. పొద్దున ఆరుకు తెరుస్తారు. ఇళ్లలో పనికి వెళ్లేవాళ్లు ఐదున్నరకే బస్సెక్కుతారు. సాయంత్రం ఆపరేటర్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఒక ఎండాకాలం ఫిల్టర్లు మార్చక నీళ్లు ఉప్పగా వచ్చాయి. అడిగితే రేపొస్తారు, ఎల్లుండొస్తారు అన్నారు. సరిగ్గా నీళ్లు ఎక్కువ కావాల్సిన రోజుల్లో అందరం మళ్లీ పాతిక పెట్టి కొన్నాం.

ధర పెంచొద్దని బస్తీలో చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఆంధ్రలో 2014 అక్టోబరు 2న మొదలైన ఎన్టీఆర్ సుజల స్రవంతి అనే ప్రభుత్వ పథకంలో టిన్ను రెండు రూపాయలకే ఇచ్చేవారు. కానీ కరెంటు, మెంబ్రేన్ (వడకట్టే పొర), ఆపరేటర్ జీతం ఎక్కడి నుంచో రావాలి కదా. వానాకాలంలో అమ్మకం తగ్గినా ఆ ఖర్చు తగ్గదు. ఫిల్టర్ వేళకు మారుస్తామంటే ఏడు రూపాయలైనా నేనిస్తాను. వడకట్టాక మిగిలే రిజెక్ట్ నీళ్లు మోరీలోకి పోతుంటే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. బండ్లు కడగడానికైనా పట్టుకోనివ్వాలి.

కొత్తగా కార్డు తీసుకునేవాళ్లు గోడ మీద ల్యాబ్ రిపోర్టు ఉందేమో చూడండి. ఉంటే తేదీ, బ్యాక్టీరియా పరీక్ష చేశారో లేదో చూడండి. మా దగ్గర కిందటేడు దాకా అది లేదు. బస్తీ ఆడవాళ్లం కలిసి వెళ్లి అడిగాక పెట్టారు. ఇప్పుడు మూడు నెలలకోసారి మారుస్తున్నారు.