త్యాగరాజస్వామి వెండి పతకం కొనబోతున్నవారికి హెచ్చరిక

నిన్న సాయంత్రం జరిగిన అవమానం ఇంకా మింగుడుపడక ఇది రాస్తున్నాను. అమ్మినది ఎవరో విశాఖలో నాణేలు, పతకాలు కొనేవారికి వేరే చెప్పనక్కరలేదు. పుష్య బహుళ పంచమినాడు, ఆరాధన రోజున, మా సంగీతం మాస్టారికి ఇద్దామని 50 గ్రాముల పతకాన్ని ఫొటోలో చూసి, వెండి ధరకు దాదాపు రెట్టింపు ముందే చెల్లించాను.

ఆ ఫొటోలో తంబురా తీగలు నాలుగూ విడివిడిగా ఉన్నాయి. చిడతల అంచులు, ఉత్తరీయం మడతలు, సగం మూసిన కంటిరెప్ప కింది సన్నని గీత, అన్నీ ఉక్కు అచ్చుతో ఒత్తిన పతకానికి వచ్చే పదునుతో కనిపించాయి. చేతికి వచ్చిన దానిలో నాలుగు తీగలూ కలిసి ఒకటే గట్టయ్యాయి, చిడతలు పకోడీల్లా ఉన్నాయి, 1767–1847 అన్నచోట 8 అంకె కడుపు పూడిపోయింది. భూతద్దంలో చూస్తే స్వామి ముఖం నిండా సూదిమొనంత గుంటలు. కురుపాం మార్కెట్‌లో నాకు తెలిసిన కంసాలి దాన్ని అటూఇటూ తిప్పి, ఇది అసలు పతకం నుంచి మూస తీసి పోసిన పోత అని, కరిగినప్పుడు పీల్చుకున్న ఆక్సిజన్‌ను వెండి గట్టిపడుతూ వదలడం వల్ల కూడా ఇలాంటి గుంటలు పడతాయని చెప్పారు.

దుకాణానికి తీసుకువెళితే, ఆ పెద్దమనిషి పతకం వైపైనా చూడకుండా కాటాలో పడేసి, అంకెలను నా వైపు తిప్పి, "50 గ్రాములుందా, లేదా? వెండికి వెండి ఇచ్చాం. ముఖం బాగుండాలంటే క్యాలెండరు కొనుక్కోండి సార్" అన్నాడు. పక్కనున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు. తూకంలో వెంట్రుకవాసి తేడా లేదు, ఒప్పుకుంటాను. తూకమే కావలసివస్తే వెండి గ్లాసు కొనుక్కునేవాడిని కదా, మిగతా సగం డబ్బు ఆ ముఖానికే ఇచ్చాను కదా అన్న మాట మాత్రం మెట్లు దిగాకగాని నోటికి రాలేదు. పదేళ్లుగా నాణేలు పోగుచేస్తున్నానని నలుగురిలో గొప్పలు చెప్పుకునే నేను, బిల్లులో 'వెండి పతకం, 50 గ్రా.' అని తప్ప ఇంకేమీ లేదని చూసుకోకుండానే జేబులో పెట్టుకున్నాను.

కొనేవారు ఫొటోను నమ్మకుండా ఇవ్వబోయే పతకాన్నే భూతద్దంతో చూసి, 'అచ్చుతో ఒత్తినది' అని బిల్లులో రాయించుకోండి. నా డబ్బు తిరిగి రాలేదు. మాస్టారికి ఈసారి పళ్లు, తాంబూలమే.