పొట్టు ఫర్నేస్ కొనేవారికి హెచ్చరిక: వెలిగించి చూపించనిదే డబ్బు కట్టకండి

విజయనగరం జిల్లా బొబ్బిలి పరిసరాల్లో మాకు చిన్న వడ్రంగి షెడ్డు ఉంది. పనస, టేకు పలకలను ఆరబెట్టే గదికి వేడి గాలి అందించడానికి, రంపపు పొట్టుతోనూ చెక్క ముక్కలతోనూ మండే ఫర్నేస్ ఒకటి కొన్నాను. అలాంటిదే కొనాలనుకుంటున్న మిల్లుల వారు, వడ్రంగులు మాకు జరిగినది తెలుసుకున్నాకే బయానా ఇవ్వాలని ఇది రాస్తున్నాను.

బిగించడానికి వచ్చిన మనిషి, పొట్టు చెమ్మగా ఉందంటూ అర లీటరు పెట్రోలు లోపల పోసి, అగ్గిపెట్టె కోసం జేబులు వెతుక్కుంటూ రెండు మూడు నిమిషాలు గడిపాడు. అంతసేపూ పొగగొట్టం మూత వేసే ఉంది, బ్లోయర్ ఆగే ఉంది. పుల్ల గీసి తలుపు దగ్గరకు చేర్చాడో లేదో, మంట భగ్గుమని బయటకు తన్నింది. ఎదురుగా నిలబడ్డ మా కుర్రాడి కనుబొమలు మాడిపోయాయి, కుడి మణికట్టు నుంచి మోచేయి దాకా చర్మం పొంగింది. ఆ చేతిని 20 నిమిషాలు కుళాయి ధార కింద ఉంచి, ఏ పూతా పూయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాం.

పెట్రోలు సున్నాకు దాదాపు 40 డిగ్రీలు దిగువన కూడా అంటుకునేంత ఆవిరిని వదులుతుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువైనది కాబట్టి, మూసి ఉన్న పెట్టె అడుగున పేరుకుంటుంది. మా దగ్గర మొదట అంటుకున్నది పొట్టు కాదు, ఆ ఆవిరే. పెట్రోలు పోయకపోయినా ప్రమాదం పూర్తిగా తప్పదు. మంట ఆరి పొట్టు లోలోపల కుములుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వంటి మండే వాయువులు నిండుతాయి, తలుపు ఒక్కసారిగా తెరిస్తే గాలి తగిలి అవీ భగ్గుమంటాయి. ఎండు పొట్టును పారతో మంట మీదకు విసరడం కూడా అంతే ప్రమాదం, గాలిలో లేచిన సన్నని ధూళి మొత్తం ఒకేసారి అంటుకుంటుంది.

ఇప్పుడు మేము పొగగొట్టం మూత పూర్తిగా తెరిచి, బ్లోయర్‌ను ఐదు నిమిషాలు నడిపి, ఆపిన తరువాతే నిప్పు పెడుతున్నాం. ఎండు తాటాకు, దాని మీద వేలెడు మందం పేళ్లు పేర్చి, పొడవాటి పేడు కొసను అంటించి, తలుపుకు పక్కగా నిలబడి అందిస్తాం. పేళ్లు బాగా రాజుకున్నాక చెక్క ముక్కలు, అవి నిప్పులయ్యాక పొట్టు కొద్దికొద్దిగా వేస్తాం. ముక్కల్లో తేమ 20 శాతం దాటకపోతే ఏ నూనె అవసరమూ ఉండదు. బూడిదలో నిప్పు మరునాటికీ బతికి ఉంటుంది కనుక దాన్ని మూత ఉన్న ఇనుప బకెట్‌లోనే తీయండి.

కొనేటప్పుడు అమ్మకందారు మీ ముందే, పెట్రోలు లేకుండా, మీ చెక్కతోనే వెలిగించాలని పట్టుబట్టండి. పొగగొట్టం మూత వేసినా కొంత సందు మిగిలేలా ఉందా, ముందుగా బ్లోయర్ నడిపి లోపలి గాలి తీసేయనిదే వెలిగించవద్దని తెలుగులో రాసిన సూచనలు ఇస్తున్నారా అని చూడండి. మాకు కాగితం ముక్క కూడా ఇవ్వలేదు. ఫోన్ చేస్తే “మీ పొట్టు తడిది” అన్నారే గాని, పెట్రోలు పోసింది తమ మనిషేనని ఒప్పుకోలేదు. జీవనోపాధి కోసం స్వయంగా వాడుకునే యంత్రం గురించి కూడా వినియోగదారుగా ఫిర్యాదు చేయవచ్చు కనుక, బిల్లు, తలుపు ఫొటోలు, ఆసుపత్రి కాగితాలు సిద్ధం చేసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయబోతున్నాను. మిగిలిన సొమ్ము ఇంకా కట్టలేదు.