అత్తగారి సీరియలా, మేనకోడలి సిరీసా: ఏది మేలు?

గుంటూరు కొత్తపేటలో ఏ వీధి మలుపు తిరిగినా ఒక ఆసుపత్రి బోర్డు ఎదురవుతుంది. అలాంటి ఒకదానిలో ఇరవై రెండేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి ఇంటిపట్టున కూర్చున్నాను. ఇప్పుడు ఏడింటికి అత్తగారి తెలుగు సీరియల్, తొమ్మిదింటికి అదే టీవీలో మేనకోడలి ఇంగ్లిష్ సిరీస్. పిల్ల ఇంటర్ బైపీసీ, నీట్ రాయాలి. రెండింటిలోనూ కనిపించేది ఆసుపత్రే, అందుకే ఈ తూకం.

సీరియల్లో డాక్టరుకు ఒకటే పని: థియేటర్ తలుపు తోసుకొచ్చి కళ్లజోడు తీయడం, "ఇరవై నాలుగు గంటలు గడిస్తే గానీ చెప్పలేం" అనడం. పేషెంటు తలకు కట్టు, పెదవులకు రంగు. నర్సు కనిపించిందంటే బిడ్డల్ని మార్చడానికే. అయినా నాకు పెద్దగా కోపం రాదు. "ఐసీయూలోకి ఇంతమందిని రానిస్తారా అమ్మాయీ?" అని అత్తగారే నవ్వుతారు. నమ్మని అబద్ధం ఎవరినేం చేస్తుంది?

మేనకోడలిది 2004లో మొదలైన 'హౌస్'. మందుల పేర్లు సరిగ్గా పలుకుతారు, అసలు చిక్కంతా అక్కడే: మిగతాదీ నిజమే అనిపిస్తుంది. ఒక్క రోగి చుట్టూ నలుగురు డాక్టర్లు. రక్తపరీక్షలూ వాళ్లే చేస్తారు, ఎమ్మారై కూడా వాళ్లే తీస్తారు. ల్యాబ్ టెక్నీషియన్, రేడియోగ్రాఫర్, నైట్ డ్యూటీ నర్సు ఎక్కడికి పోయారో! మా దగ్గర ఒక్క డ్యూటీ డాక్టరు చుట్టూ వరండా దాకా రోగులు.

ఇలాంటి సిరీస్‌లలో మానిటర్ మీద గీత చదునుగా సాగగానే షాక్ ఇస్తారు, మనిషి లేచి కూర్చుంటాడు. నిజానికి ఆ చదును గీతకు షాక్ పనిచేయదు. గుండె లయ తప్పి అదురుతున్నప్పుడే అది పనికొస్తుంది. గీత చదునైతే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి, ఛాతీ నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున. చేతి కింద పక్కటెముక విరగడం తెలుస్తుంది. రెండు నిమిషాలకే భుజాలు పడిపోతాయి, ఇంకొకరు అందుకోవాలి. ఒక రాత్రి మేం అలా నొక్కుతుంటే పేషెంటు కొడుకు నా చెయ్యి లాగాడు: "షాక్ ఇవ్వరేం సిస్టర్? టీవీలో ఇస్తారుగా!" వాళ్ల నాన్న దక్కలేదు. మేం నిర్లక్ష్యం చేశామనుకుంటూనే అతను వెళ్లాడు.

1996లో అమెరికా వైద్యులు కొందరు అక్కడి మూడు టీవీ కార్యక్రమాలు చూసి లెక్కగట్టారు. ఛాతీ నొక్కించుకున్న వాళ్లలో తెర మీద నూటికి 67 మంది కోలుకున్నారట. ఆసుపత్రి మంచం మీదే గుండె ఆగినా, ఆ దేశంలోనే ఇంటికి చేరేది సుమారు నాలుగో వంతు.

కాబట్టి ఈ రెండింటిలో అత్తగారి సీరియలే మేలంటాను. మూడోదానికీ చోటిస్తే 'స్క్రబ్స్'. 2001 నాటిది, హాస్యం. అందులో కొత్త డాక్టర్లు భయపడతారు, నిద్ర చాలక తూలుతారు, నర్సు చేత చీవాట్లు తిని పని నేర్చుకుంటారు. నవ్వించడానికి తీసినదే మా డ్యూటీకి దగ్గరగా ఉంది.

మొన్న మేనకోడలి చేత అదే పెట్టించాను. మూడో ఎపిసోడ్‌కి ఫోను పక్కన పెట్టింది.

"అత్తా, కేస్ షీట్లు కూడా డాక్టర్లే రాయాలా?"

"హౌస్ సర్జన్‌వి అయ్యాక రాత్రంతా అదే పని. రాత మాత్రం నాకు అర్థమయ్యేలా ఉండాలి."