మెకాంగ్ డెల్టా ప్యాకేజీ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నిన్న రాత్రే వియత్నాం నుంచి దిగాం. కోపం ఇంకా తగ్గలేదు. హైదరాబాద్‌లో ఈ ప్యాకేజీలు అమ్మే ఆ ఏజెంటు ఎవరో మీలో చాలామందికి తెలుసు, పేరు రాయను. అమ్మానాన్న, మేమిద్దరం, పిల్లలిద్దరు. మెకాంగ్ డెల్టా రెండు రోజులకే విడిగా 54,000 కట్టాం. మాకోసమే ఒక పడవ, కాన్ థోలో ఏటి ఒడ్డున ఒక రాత్రి బస, తెల్లవారుజామున అక్కడి కాయ్ రాంగ్ పడవల సంత. వాట్సాప్‌లో అన్నీ రాసిచ్చాడు.

ఆ సంత కోసమే నాన్న వస్తానన్నారు. ఆయనది కోనసీమ. చిన్నప్పుడు తాతయ్యతో కాలువల మీద పడవలో కొబ్బరికాయలు వేసుకెళ్ళిన మనిషి. కాయ్ రాంగ్‌లో ప్రతి పడవా తను అమ్మే సరుకును, గుమ్మడికాయో అనాసకాయో, పొడవాటి గడకు కట్టి పైకెత్తి ఉంచుతుంది. ఏ పడవలో ఏముందో దూరం నుంచే తెలిసిపోతుంది. ఇది ఎక్కడో చూసి, నెల రోజులుగా ఇంట్లో అదే మాట.

సైగాన్‌లో (హో చి మిన్ సిటీ) పొద్దున ఎనిమిదింటికి వచ్చిన బస్సులో అప్పటికే ముప్పై మంది ఉన్నారు. రెండు గంటల్లో దింపేశారు. కాన్ థో 160 కిలోమీటర్ల పైమాటే, ఇంత త్వరగా ఎలా వచ్చామని మ్యాప్ తీస్తే అది 'మీ థో' అనే వేరే ఊరు. సైగాన్‌కి 70 కిలోమీటర్లు. గైడ్ తన దగ్గరున్న కాగితం చూపించాడు. మా పేర్ల మీద ఉన్నది ఒక్కరోజు గ్రూప్ టూర్, సాయంత్రానికి మళ్ళీ సైగాన్. పాపం, అతనికేం తెలుసు.

అక్కడే నిలబడి ఏజెంటుకి ఫోన్ చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. స్పీకర్‌లో పెట్టాను.

"అదీ మెకాంగే కదా మేడమ్. నది ఎక్కడైనా నదే. ఆ వయసులో మీ నాన్నగారికి ఏ ఊరైతే ఏంటి, ఏం గుర్తుంటుంది?"

నాన్న నా పక్కనే ఉన్నారు. మొత్తం విన్నారు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకుని, "పోన్లేమ్మా, పిల్లలు చూస్తున్నారు" అన్నారు. నేను గట్టిగా ఒక్క మాట కూడా అనలేక ఫోన్ పెట్టేశాను. అది తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

ఆ తర్వాత దీవులు, తేనె టీ, బెన్ త్రేలో కొబ్బరి మిఠాయి చేసేచోటు. అక్కడ కాయలు వలిచే ఇనప మేకు దగ్గర నాన్న ఆగిపోయారు. సైగ చేసి అడిగి ఒక కాయ వలిచారు. అక్కడివాళ్ళు చప్పట్లు కొట్టారు. రోజంతటిలో ఆయన నవ్వింది అప్పుడే. భోజనానికి మాత్రం పళ్ళెంలో నిలువునా నిలబెట్టిన వేయించిన చేప. అమ్మ శాకాహారి అని ఏజెంటుకి పదిసార్లు చెప్పాం. చివరికి గైడే 'చాయ్' పెట్టమని వంటవాళ్ళకి చెప్పాడు. వాళ్ళ భాషలో శాకాహారం అని అర్థమట. అన్నం, వేయించిన ఆకుకూర వచ్చాయి.

సామానంతా సైగాన్‌లో, మర్నాడు సాయంత్రం విమానం. ఆరుగురం సొంతంగా కాన్ థో వెళ్ళే ధైర్యం చేయలేకపోయాం. ఆ రాత్రికి గది కూడా మా డబ్బుతోనే.

తప్పు నాది కూడా. కాన్ థో హోటల్ పేరు అడిగితే "అక్కడికెళ్ళాక చెప్తారు" అన్నాడు. అప్పుడే ఆగాల్సింది. యూపీఐలో మొత్తం ఒకేసారి పంపేశాను. రోడ్లు, వంతెనలు వచ్చాక ఆ సంతలో పడవలు తగ్గిపోతున్నాయంటున్నారు. నాన్నకి 74.

మీరు వెళ్తుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. కాయ్ రాంగ్ సంత జోరంతా తెల్లవారుజామున ఐదు నుంచి ఏడు దాకానే. ముందు రాత్రి కాన్ థోలో బస లేకపోతే చూడటం చాలా కష్టం. హోటల్ పేరు రాయించుకుని, మీ పేరు మీద గది ఉందో లేదో మీరే ఆ హోటల్‌కి మెయిల్ పెట్టి కనుక్కోండి. డబ్బు ఆ తర్వాతే. మెసేజ్‌లన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఈరోజు పొద్దున్నే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను.