బ్రోకర్ పంపే ఇన్‌స్పెక్షన్ మనిషిని నమ్మకండి

హైదరాబాద్‌లో నిజాంపేట, బాచుపల్లి వైపు రీసేల్ ఫ్లాట్లు చూస్తున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. "మనవాడే సార్, మంచి ఇంజనీరు" అని బ్రోకరే ఒకతన్ని పంపుతాడు. ఆ చుట్టుపక్కల తిరుగుతున్నవాళ్లకి ఎవరో ఈపాటికి తెలిసే ఉంటుంది. అతనిచ్చిన రిపోర్టు రంగుల ఫొటోలతో, స్టాంపుతో నా ముందుంది. రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఇప్పుడు కింది ఫ్లాట్‌ బాత్రూమ్ సీలింగ్ చూస్తే పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి, తుప్పు నీళ్లు కారుతున్నాయి.

రిపోర్టులో మాత్రం "పాండింగ్ టెస్ట్ 24 గంటలు, లీకేజీ లేదు" అని ఉంది, అంటే బాత్రూమ్‌లో నీళ్లు నిలబెట్టి ఒక రోజంతా చూశాడట. అతను ఫ్లాట్‌లో ఉన్నదే గంటన్నర! ఫోన్ చేసి అడిగితే ఏమన్నాడో తెలుసా? "అది ఫార్మాట్‌లో ఉంటుంది సార్, అందరికీ అదే వస్తుంది. చదివే కదా సంతకం పెట్టారు." అని ఫోన్ పెట్టేశాడు. చేయని పరీక్షని చేసినట్టు రాసి డబ్బు తీసుకోవడం పొరపాటు కాదు, పచ్చి మోసం. ఆ ఒక్క లైను చూసి జనం ఇరవై ఏళ్ల లోను నెత్తికెత్తుకుంటున్నారు.

అసలు పాండింగ్ అంటే ఏంటో తెలిస్తే ఈ అబద్ధం ఎంత పెద్దదో అర్థమవుతుంది. నహానీ ట్రాప్ (బాత్రూమ్ నేలలో నీళ్లు బయటికి పోయే రంధ్రం) నోటిని ప్లగ్‌తోనో, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన గుడ్డతోనో బిగించాలి. గడప దాటకుండా అంగుళం లోతు నీళ్లు నిలబెట్టి, నీటిమట్టం దగ్గర గోడకి టేపు అంటించాలి. నీళ్లు పట్టకముందే కింది ఫ్లాట్ సీలింగ్ ఫొటో తీసుకోవాలి. అక్కడ ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక పలక తీయించి స్లాబే చూడాలి. 24 గంటలు కనీసం, 48 అయితే నమ్మొచ్చు. ఎందుకంటే చాలా బాత్రూముల్లో స్లాబు కిందికి దించి, ఆ గుంతని ఇటుక ముక్కలతో నింపుతారు. టైల్స్ సందుల్లోంచి దిగిన నీళ్లు ముందు ఆ గుంతలో చేరతాయి, ఆ తర్వాతే కిందికి చెమ్మ కనిపిస్తుంది. బకెట్ నీళ్లు పోసి పది నిమిషాలు చూస్తే తెలిసేది వాలు ఎటుందో, అంతే.

మిగతా రిపోర్టూ అంతే. "ఎర్తింగ్ ఓకే" అట, ఒక్క రీడింగ్ లేదు. మల్టీమీటర్ పెట్టి ఫేజ్‌కి ఎర్త్‌కి మధ్య వోల్టేజీ, న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య వోల్టేజీ రాయాలి. మొదటిది 230కి దగ్గరగా, రెండోది రెండు మూడు వోల్టులు మించకుండా ఉండాలి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చు) టెస్ట్ బటన్ నొక్కితే ట్రిప్ అయింది కాబట్టి ఎర్త్ బాగుందని చెప్తే ఒప్పుకోకండి, ఎర్త్ వైరు అసలు లేకపోయినా ఆ బటన్ పనిచేస్తుంది. గీజర్ పాయింట్ దగ్గర ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం. చెమ్మ మీటర్ అయితే బయటకే తీయలేదు. బాత్రూమ్ వెనక గోడ అడుగున ఒక రీడింగ్, పొడిగా ఉన్న గోడ మీద ఒక రీడింగ్ తీసి తేడా చూడాలి. ఇల్లంతా పాత రంగు ఉండి ఒక్క గోడకే కొత్త పుట్టీ కొట్టి ఉంటే మీటర్ ముందు అక్కడ పెట్టించండి.

పొజెషన్ ఇచ్చి 5 ఏళ్లు దాటని ఫ్లాట్ అయితే రేరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) సెక్షన్ 14(3) కింద బిల్డర్ 30 రోజుల్లో తన ఖర్చుతో లోపం సరిచేయాలి. రీసేల్‌లో కొన్నవాళ్లూ అడగొచ్చు, చట్టంలో అలాటీ (ఫ్లాట్ కేటాయించబడినవాళ్లు) అంటే తర్వాత కొన్నవాళ్లు కూడా. అది దాటితే మిగిలేది ఇన్‌స్పెక్షన్ మనిషి మీద వినియోగదారుల కమిషన్‌లో సేవాలోపం కేసు. దానికి గడువు 2 ఏళ్లు.

ఇన్‌స్పెక్టర్‌ని మీరే వెతుక్కోండి, బ్రోకర్‌తో, అమ్మేవాళ్లతో లావాదేవీలు లేనివాణ్ని. ప్రతి పరీక్షకీ మొదలైన టైము, ముగిసిన టైము, మీటర్ రీడింగ్ ఫొటో ఉండాలని ముందే రాయించుకుని, సగం ఫీజు అవి వచ్చాకే ఇవ్వండి. "మా బాధ్యత ఫీజు వరకే" అన్న లైను చివరి పేజీలో ఉందేమో చూసి, ఉంటే కొట్టేయించండి. కింది ఫ్లాట్ వాళ్లని ముందే కలవండి. అడ్వాన్స్ రసీదులోనే "ఇన్‌స్పెక్షన్‌లో లీకేజీ తేలితే డబ్బు వాపసు" అని అమ్మేవాళ్ల సంతకంతో రాయించుకోండి.