క్వేజార్‌కు శక్తి ఎక్కడిది: సంలీనమా, పతనమా, భ్రమణమా?

నక్షత్రంలా కనిపించే 3సి 273 అనే క్వేజార్ (గెలాక్సీ కేంద్రంలో అతి తీవ్రంగా వెలిగే వస్తువు) నిజానికి మన గెలాక్సీకి ఎంతో దూరాన ఉందని 1963లో మార్టెన్ ష్మిట్ దాని వర్ణపటాన్ని బట్టి తేల్చినప్పటి నుంచి, లక్షల కోట్ల సూర్యుళ్లకు సాటివచ్చే ఆ వెలుగుకు ఇంధనమేదన్న ప్రశ్న మొదలైంది.

మొదట తట్టేది నక్షత్రాలను వెలిగించే కేంద్రక సంలీనమే. అయితే హైడ్రోజన్ హీలియంగా మారేటప్పుడు ద్రవ్యరాశిలో సుమారు 0.7 శాతమే శక్తిగా వెలువడుతుంది. రెండో మార్గమైన పతనంలో, అంటే కృష్ణబిలంలోకి జారే పదార్థం నుంచి, ఆ బిలం తిరగనిదైతే దాదాపు 6 శాతం, గరిష్ఠ వేగంతో తిరిగేదైతే సిద్ధాంతరీత్యా 42 శాతం వరకు రాబట్టవచ్చు. సంలీనాన్ని ఓడించింది ఈ శాతాల తేడా ఒక్కటే కాదు. కొన్ని క్వేజార్ల వెలుగు రోజుల వ్యవధిలోనే హెచ్చుతగ్గులకు లోనవుతుంది కనుక, అది పుట్టే చోటు కొన్ని కాంతి దినాలకు (కాంతి ఒక రోజులో పోయే దూరం ఒక కాంతి దినం) మించి ఉండదు. అంత ఇరుకు చోట సంలీనానికి కావలసినంత ఇంధనాన్ని కుక్కితే, అది కుంచించుకుపోయేటప్పుడు విడుదలయ్యే గురుత్వశక్తే సంలీనశక్తిని మించిపోతుందని 1969లో డొనాల్డ్ లిండెన్-బెల్ చూపించారు. సంలీనాన్ని నిలబెట్టడానికి వేసిన లెక్కే చివరకు గురుత్వాకర్షణ పక్షాన సాక్ష్యం చెప్పిందన్నమాట!

పడే వాయువు తిన్నగా బిలంలోకి పోదు. కోణీయ ద్రవ్యవేగం (తిరిగే వస్తువు తన తిరుగుడును నిలుపుకొనే గుణం) వల్ల చక్రంలా పరచుకుంటుంది. లోపలి వలయాలు వేగంగా, వెలుపలివి నెమ్మదిగా తిరుగుతుండగా అయస్కాంత అల్లకల్లోలం వాటి మధ్య ఘర్షణ పుట్టించి, వాయువును వేడెక్కించి, అతినీలలోహిత కాంతిని, దృశ్యకాంతిని వెలువరిస్తుంది. చక్రం పైనున్న కరోనా అనే మహోష్ణ వాయు ప్రాంతంలోని ఎలక్ట్రాన్లు ఆ కాంతిలో కొంత భాగాన్ని ఎక్స్ కిరణాల స్థాయికి పెంచుతాయి. సామర్థ్యం 10 శాతమే అనుకున్నా, ఏటా ఒక్క సూర్యుడంత పదార్థం పడితే చాలు, దాదాపు లక్షన్నర కోట్ల సూర్యుళ్ల వెలుగు వస్తుంది. కాబట్టి వెలుగు వరకు పతనమే మేలైన వివరణ.

జెట్ల సంగతి, అంటే బిలం పరిసరాల నుంచి అతివేగంగా చిమ్మే సన్నని ధారల సంగతి వేరు. ఎం87 అనే గెలాక్సీ కేంద్రంలోని కృష్ణబిలం ద్రవ్యరాశి సుమారు 650 కోట్ల సూర్యుళ్లు. దాని చక్రం మసకగానే ఉన్నా, జెట్ మాత్రం దాదాపు 5,000 కాంతి సంవత్సరాల దూరం సాగింది. తిరిగే బిలం నుంచి అయస్కాంత రేఖలు భ్రమణశక్తిని లాగగలవని 1977లో బ్లాండ్‌ఫర్డ్, జ్నాయెక్ చేసిన ప్రతిపాదన ఇక్కడ బాగా పొసగుతుంది. కానీ ఆ భ్రమణాన్ని పతనానికి పోటీగా నిలపడం నాకు సబబుగా తోచదు: బిలానికి ఆ వేగం చాలావరకు గతంలో పడిన పదార్థం, విలీనమైన ఇతర బిలాలు ఇచ్చినదే, అయస్కాంత క్షేత్రాన్ని అక్కడ పట్టి ఉంచేది కూడా ఇప్పుడు పడుతున్న వాయువే. 2021లో విడుదలైన ధ్రువణ చిత్రంలో (కాంతి తరంగాలు కంపించే దిశను చూపే చిత్రం) ఎం87 బిలం అంచున కనిపించింది సరిగ్గా అలాంటి బలమైన, క్రమబద్ధమైన క్షేత్రమే.